చచ్చిన రాణి నీళ్ళు మోసింది

ఈమధ్య మా ఇంటి ముందు గదిలో ఒక వాసన పట్టుకుంది. ప్యాకెట్లలో అమ్మే చిప్సు మీద చల్లే ఎర్రటి పొడి వాసన. మిరపకాయల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఘాటంటే నాకు భయం లేదు. ఇది ఘాటు కాదు, పుల్లగా, జిడ్డుగా, గొంతు వెనక అంటుకుని తెల్లారినా పోని కంపు. ఆ పొడి అంటిన వేళ్ళతోనే మా మనవడు చందూ, వాడి స్నేహితులూ ఫోన్లు రుద్దుతారు, ఆ వేళ్ళనే చీకుతారు, అవే వేళ్ళు నా దుప్పటికి తుడుస్తారు. ఆ ఫోన్లలో వాళ్ళు చూసేది ఒక బొమ్మల సీరియల్. అందులో ఒక కమ్మరి పిల్ల ఉంది, రాజుగారి సైన్యంతో ఒంటరిగా పోరాడుతుంది. నేనూ పక్కన కూర్చుని చూశాను. పిల్ల బాగుంటుంది. అసహ్యమల్లా అది అయిపోయాక మొదలవుతుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అదే రభస. "ఒరేయ్, ఫస్టు పార్టులో దాని ఎడం చెయ్యి తెగిపోయిందిరా. మూడో పార్టులో రెండు చేతుల్తో వాళ్ళమ్మని ఎట్టా వాటేసుకుంటది? తీసినోడికి బుర్ర లేదు" అని ఒకడు. "బుర్ర లేంది నీకు. అసలు ఆమె వాళ్ళమ్మే కాదు" అని ఇంకొకడు. ఆ పైన వాళ్ళు ఒకళ్ళ తల్లుల్ని ఒకళ్ళు అన్న మాటలు నేను ఇక్కడ రాయను. మా పక్కింటి మెకానిక్ కూతురు నస్రీన్ గుమ్మం దగ్గర కూర్చుని అంతా వింటోంది. ఆ పిల్లకి ఆ సీరియలంటే ప్రాణం. మెల్లిగా అంది: "అది వాళ్ళ నాయిన చేసిన ఇనప చెయ్యేమోరా. కమ్మరాయన కదా. కూతురు నిద్దరపోతుంటే కొలత తీసుకుని..."

మాట పూర్తి కానివ్వలేదు. "మీ నాయిన షెడ్డులో చేపిచ్చిందా ఏంది? బోల్టులు కూడా ఆయనే బిగిచ్చాడా?" అని ఒకడు కేకేస్తే మిగతావాళ్ళు దొర్లి దొర్లి నవ్వారు. ఊరుకున్నారా? ఆ పిల్ల అన్న మాట ఫోన్లో ఉన్న గ్రూపులో ఎక్కించారు. ఏ ఊరో, ఎవరి బిడ్డలో తెలియని వాళ్ళంతా టింగు టింగుమని నవ్వే మొహాలు పంపడం మొదలుపెట్టారు. ఒకడెవడో దున్నపోతు బొమ్మ పెట్టి దాని కింద నస్రీన్ పేరు రాశాడు. చందూ ఆ బొమ్మని ఆ పిల్లకే చూపించాడు. నస్రీన్ చున్నీ సర్దుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో వెళ్ళిపోయింది.

"సరే, ఆ పిల్ల చెప్పింది తప్పే అనుకో. మరి చెయ్యి ఎట్టా వచ్చిందో నువ్వు చెప్పరా" అన్నాను చందూతో.

"అది మా పనా నాయనమ్మా? తీసినోడి పని. మేం తప్పులు పడతాం, అంతే."

ఈ మాట మా అమ్మ వినుంటే వాడి నోట్లో ఉప్పు పోసి కడిగేది.

మాది దుర్గి అవతల ఒక చిన్న ఊరు. నేల మీద పరిచింది నాపరాయి, గోడకి పేర్చింది నాపరాయి, ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా పెనం మాదిరిగా కాలేది. నా చిన్నప్పుడు, కోటప్పకొండ తిరునాళ్ళ అయ్యి, ప్రభలు కట్టిన బళ్ళు తిరిగొచ్చి, అక్కణ్ణించి తెచ్చిన జీళ్ళూ బొరుగులూ పిల్లల జేబుల్లో ఇంకా అంటుకుని ఉన్న రోజుల్లోనే కల్లాల్లో మిరపకాయలు ఎండి ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఉండేవి. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళంతా వేపచెట్ల నీడన వలయంగా కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు, తెల్లబడ్డ తాలుకాయల్ని ఒక పక్కకి ఏరేవాళ్ళు. ముక్కుకి కొంగు కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు. మధ్యలో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. మిరపకాయ అంటిన చేత్తో కళ్ళు నలుపుకుని మేము ఏడుస్తూ ఉంటే మా పెత్తల్లి మజ్జిగలో ముంచిన గుడ్డ మా కళ్ళ మీద వేసి, "ఏడ్చింది చాల్లే, కచ్చకాయలాడుకోండి పొండే" అని తరిమేది. కానీ మేము కదిలేవాళ్ళం కాదు, ఎందుకంటే ఆ వలయంలో కథ నడిచేది. చెప్పేవాళ్ళు చెబుతుంటే మిగతావాళ్ళు చేతులు ఆపకుండా "ఊ" కొట్టాలి. ఊ ఆగిందా, కథ ఆగిపోయేది.

ఆ రోజుల్లోనే ఊళ్ళోకి తోలుబొమ్మలాటోళ్ళు దిగేవాళ్ళు. దేవుళ్ళ కథలు అయిపోయాక, చివర్న వాళ్ళు సొంతంగా అల్లిన ఒక రాణి కథ ఆడేవాళ్ళు. ఆడ గొంతులన్నీ నాగమ్మవే. ఆటగాడి పెళ్ళాం, సన్నగా చువ్వలా ఉండేది, నోరు తెరిస్తే మాత్రం ఒకే మనిషిలోంచి రాణీ, ముసలిదీ, పసిబిడ్డా బయటికొచ్చేవాళ్ళు. పగలు మా కల్లానికి వచ్చి నాలుగు దోసిళ్ళ మిరపకాయలు పెట్టించుకుని, ఊరికే తీసుకోవడం ఇష్టం లేక తనూ కూర్చుని తొడిమలు తీసేది.

ఒక ఏడు చిక్కొచ్చింది. వాళ్ళ బొమ్మల పెట్టెలో ఎలుకలు పడి ఆడ బొమ్మల్ని కొరికేశాయి. మిగిలింది రాణి బొమ్మ ఒక్కటే. మొదటి రోజు ఆటలో రాణి పాము కరిచి చచ్చిపోయింది, ఊరంతా ముక్కు చీదింది. రెండో రోజు అదే బొమ్మ, అదే ముక్కుపుడక, చంకలో బిందె పెట్టుకుని దాసీగా వచ్చింది. మర్నాడు కల్లంలో ఒకటే గొడవ.

"మొన్న చచ్చిన రాణి నిన్న నీళ్ళు మోసిందేంది నాగమ్మా?" అంది పెత్తల్లి.

నాగమ్మ తల దించుకుంది. ఎలుకల మాట అందరి ముందూ చెప్పుకోవడం ఆమెకి సిగ్గు. అప్పుడు మా అమ్మ అంది: "చిల్లు చూపిచ్చావు కదక్కా, అతుకు కూడా నువ్వే చెప్పు." మా కల్లంలో అది కట్టుబాటు. కథలో చిల్లు చూపించినవాళ్ళే అతుకు చెప్పాలి, చెప్పలేకపోతే ఆ పూట తాలుకాయలన్నీ వాళ్ళే ఏరాలి.

పెత్తల్లి ఒక తొడిమ తుంచి, "రాణికి చెల్లెలుందిలే. కవల పిల్లలు" అంది.

"చెల్లెలికి ముక్కుపుడక కూడా అదేనా?" అని ఇంకొకామె.

"ఒకే కంసాలి చేశాడే! నీకెందుకు?"

అందరూ తుమ్ముతూనే నవ్వారు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. "చెల్లెలు కాదు, పాడూ కాదు. రాణి చావలా. పాము కరిచిందని మొగుడు నాడి కూడా చూడకుండా కాటికి పంపాడు. కట్టెల మీంచి లేచొచ్చింది. అట్టాంటోడికి మళ్ళీ పెళ్ళాంగా పోతదా? కానీ కోటలో పసిబిడ్డ ఉంది. బిడ్డని చూసుకోటానికి తన ఇంట్లోనే తను దాసీగా చేరింది."

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. నాగమ్మ తలెత్తి "ఊ" అంది.

ఆ రోజు ఆటలో నాగమ్మ ఆ మాటనే ఆడించింది. బిందె దించి దాసీ ఊయల దగ్గరికి వెళ్ళి, తల్లినని చెప్పుకోలేక, పరాయి బిడ్డని పలకరించినట్టు "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. మా ఊళ్ళో ఏనాడూ ఏడవని మొగాళ్ళు తలగుడ్డలు తీసి మొహం తుడుచుకున్నారు. మా అమ్మ నా తొడ మీద గిల్లి, "అది నేనల్లిందే" అంది. బిడ్డ తల్లిని గుర్తుపడుతుందా లేదా అన్నది మర్నాటికి ఆపారు. ఊరికి ఊరే దానికోసం పొద్దు గడిపింది.

మర్నాడు మాకు బాబాయి వరసయ్యే వీరయ్య తన జట్టుని వెంటేసుకుని ముందు వరసలో చేరాడు. పొద్దస్తమానం అరుగుల మీద చుట్టలు కాల్చి ఉమ్మేసే జాతి. బొమ్మ తెర మీదికి రావడంతోనే "చచ్చిన రాణి వచ్చిందిరోయ్! కంపు కొడతంది, పాతిపెట్టండ్రా!" అని ఈలలు. నాగమ్మ గొంతు పెంచింది, వాళ్ళూ పెంచారు. ఆ తర్వాత తెర మీద పేడ ముద్దలు పడ్డాయి. ఒకటి తెర చించుకుని వెళ్ళి బొమ్మకి తగిలింది. నవ్వినవాళ్ళలో మా ఇంటివాళ్ళూ ఉన్నారు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరుతాయి, కక్కుకొచ్చే ముందు ఊరే నీళ్ళు.

పొద్దున్నే అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ గుడిసె దగ్గరికి వెళ్ళింది. నాగమ్మ రాణి బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ముక్కుపుడక చిల్లుల్లో ఎండిన పేడని వేపపుల్లతో గీకుతోంది. సామాను అప్పటికే మూట కట్టారు.

"నాగమ్మా, బిడ్డ గుర్తుపట్టిందా?" అని అడిగింది అమ్మ.

నాగమ్మ తలెత్తలేదు. "నాకు తెలవదు తల్లీ" అంది.

ఆ ఏటి తర్వాత బొమ్మలాటోళ్ళు మా ఊరి పొలిమేర తొక్కలేదు. అమ్మ చనిపోయేదాకా ఆ కథకి తనే ఎన్నో చివర్లు చెప్పింది, ఏదీ తనకే నచ్చలేదు. ఇప్పుడు మా కల్లంలో వలయాల్లేవు, పంట నేరుగా బస్తాల్లో మిర్చి యార్డుకి పోతుంది. వేపచెట్లు కొట్టేశారు. ఊ కొట్టేవాళ్ళు లేరు. చిల్లులు చూపించేవాళ్ళు మాత్రం మిగిలారు, వేళ్ళకి ఎర్రపొడి పూసుకుని, ఇంటింటికీ ఒకడు. అరచేతిలోనే అంత ఊరు దొరికింది వీళ్ళకి, వీరయ్యలు అందులో కూడా ముందు వరసలోనే కూర్చున్నారు.

నస్రీన్ చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. చేత్తో పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. పిల్ల మెట్టు మీద మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. చెప్పులు పాదాల దగ్గర పెట్టి, పక్కనే కూలబడ్డాను.

"కూతురు నిద్దరపోతుంటే కొలత తీసుకున్నాడు అన్నావు కదమ్మా. ఆ తర్వాత?"

"ఏమో నాయనమ్మా, నాకు తెలవదు."

ఆ గొంతు నాకు తెలుసు. లేచి రాబుద్ధి కాలేదు. మెట్టు మీద ఎండ జరిగి మా ఇద్దరి కాళ్ళ మీదికి వచ్చింది.

నేను "ఊ" అన్నాను.