టెంకాయ లేచిన చోటు

డోన్ నుంచి కడప దాకా నేను టెంకాయ పట్టుకుని నడవని చేను లేదు. అరచేతిలో టెంకాయను అడ్డంగా, పిలక వేళ్ల వైపుకు పెట్టుకుని నడిస్తే, అడుగున నీళ్లున్న చోట అది దానంతటదే లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడితే బోరు లారీ వచ్చి తవ్వుతుంది. అట్లా రెండొందల బోర్లకు నీళ్లు చూపించిన చెయ్యి ఇది.

రెండొందలు అన్నానా? రాసేటప్పుడు కూడా నా నోరు ఆగదు. పదకొండు. అందులో నీళ్లు పడినవి నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి ఊరి నీళ్ల పైపు పగిలి నెల రోజులుగా కారుతున్న చోటు. దాన్ని నాకంటే ముందే గొర్రెలు కనుక్కున్నాయి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. టెంకాయ తనే లేస్తుందో, నేనే లేపుతానో నలభై ఏండ్లుగా నాకే తెలీదు. మోసం చేద్దామని ఎప్పుడూ చేయలేదు. అరచెయ్యి జివ్వుమంటుంది, మణికట్టు లాగుతుంది, అది లేస్తుంది. ఎందుకని అడిగితే "భూమి పిలుస్తాదప్పా" అనేవాణ్ణి. అడిగినోళ్లు నమ్మేవాళ్లు. చెప్పి చెప్పి నేనూ నమ్మినాను.

ఆ మధ్య ఒక ఎండాకాలం పక్కింటి బావ చేలో బోరు ఎండిపోయింది. వాళ్లు సాయిబులు. మా ఇద్దరికీ పలక పట్టుకున్న నాటి నుంచి "బావా" అన్న పిలుపే. ఆయనకు అరవై చీనీ చెట్లు, బత్తాయంటారే అవి, పిల్లల్ని సాకినట్టు సాకినాడు. ఆకులు ముడుచుకున్న వారానికి ఆయన కూడా మంచం మీద గోడ వైపు తిరిగి ముడుచుకున్నాడు. వాళ్లావిడ వచ్చి మా గడప బయటే నిలబడింది.

"అన్నా, మూడు దినాలాయె, ముద్ద సరిగా తినల్యా. ఏమని అడిగితే గ్యాస్ అంటాడు. నువ్వొచ్చి చేలో ఒక పాయింట్ చూడు. నీళ్లుండాయంటే లేస్తాడు."

"లేవంటే?"

"నువ్వెందుకు లేవంటావు? ఎప్పుడన్నా అన్నావా?"

అదీ నిజమే. ఎప్పుడూ అనలేదు.

మరుసటి పొద్దున్నే ముగ్గురం పోయినాము. ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని గట్టు మీద నిలబడినాడు. నేను ఆ చివర నుంచి మొదలుపెట్టినాను. టెంకాయ చచ్చిన ఎలుక మాదిరి పడి ఉంది. చెట్ల మధ్య రెండు వరసలు నడిచినా ఉలుకూ పలుకూ లేదు. గట్టు దగ్గరికి, ఆయన ఎదుటికి నేను రాగానే అరచెయ్యి జివ్వుమంది. టెంకాయ లేచింది. దూరం పోతే పడుకుంది. ఈలోపల ఆయన అవతలి గట్టుకు మారినాడు. అటు పోతే మళ్లీ ఆయన ముందే లేచింది.

నాకు అర్థం కాలేదు. నీళ్లు మనిషి వెంట నడుస్తాయా?

బావ గడ్డం గీరుకున్నాడు. "నేను పోయిన చోటల్లా లేస్తాండాదే. నీళ్లు నాలోనే ఉండాయేమో. లారీ పిలిపించి నన్నే తవ్వించు బావా."

నాలుగు దినాల్లో ఆయన నోట్లోంచి వచ్చిన పెద్ద మాట అదే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నవ్వలేకపోయినాను. నోరు ఎండిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. గట్టు మీద కూలబడి చెప్పేసినాను.

"నీళ్లు కాదు బావా. భయం. నిన్ను చూస్తే చెయ్యి వణుకుతాంది."

"నన్ను చూస్తే భయమేంది?"

"నేను రాయి పెట్టి, ఆడ నీళ్లు పడకపోతే నువ్వు మళ్లా లేస్తావా?"

ఆయన నా పక్కన కూర్చుని రొమ్ము కింద చెయ్యి పెట్టుకున్నాడు.

"తెల్లారగానే ఈడ బండ పెట్టినట్టుంటాది. గొంతులో ముద్ద దిగదు. గ్యాస్ అనుకుని సోడాలు తాగితి. చెట్లు గుర్తొస్తే ఇంకా బరువెక్కుతాది. ఇదీ భయమేనంటావా?"

"నాకేం తెలుసు? నలభై ఏండ్లుగా నా చెయ్యి సంగతే నాకు తెలీల్యా."

"తెలీనోడివి రెండొందల బోర్లు ఎట్లా చూపిస్తివి?"

"పదకొండు."

"నేను తొమ్మిదనుకుంటి."

ఆమె నా చేతిలోంచి టెంకాయ లాక్కుని రాయికేసి కొట్టింది. లోపల నీళ్లు అరగ్లాసు కూడా లేవు. ముక్క చేతిలో పెడితే బావ నమిలినాడు. ఇంకో ముక్క అడిగినాడు.

ఆ దినం నేను చూపిన చోట రెండంగుళాల నీళ్లు ఎగజిమ్మినాయని టీ అంగట్లో చెప్పుకున్నాను. అసలు బోరే వేయలేదు. కర్నూల్లో ఒక డాక్టరమ్మకు బావను చూపించినాము. ఆమె మాత్రలిచ్చి, ఆ బండ ఎప్పుడొస్తుందో ఎప్పుడు తగ్గుతుందో కనిపెట్టి చూసుకోమంది. పక్క చేను ఆసామి దినం మార్చి దినం తన బోరు నుంచి పైపుతో నీళ్లు వదిలినాడు. అరవైలో ఇరవై రెండు చెట్లు బతికినాయి. మిగతావి కొట్టేసిన పొద్దు బావ ఏడ్చినాడు, ఏడ్చి అన్నం తిన్నాడు. మంచం మాత్రం పట్టలేదు. ఆయన్ను లేపింది మాత్రలా, పైపు నీళ్లా, టెంకాయ ముక్కా, నాకు ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఒకరినొకరం తనిఖీ చేసుకుంటాము. "చెయ్యి చాపు బావా" అంటాడు. చాపుతాను. "బండ ఉండాదా?" అంటాను. "ఉండాది, ఈ పొద్దు చింతగింజంత" అంటాడు. ఒక్కోసారి అబద్ధం చెప్తాడు. సద్ది విప్పినప్పుడు తినే తీరు చూసి పట్టేస్తాను.

పోయిన వారం ఆ బతికిన చెట్ల మధ్య నడుస్తుంటే నా ఉత్త చెయ్యి జివ్వుమంది. టెంకాయ లేదు. బావ దూరంగా ఉన్నాడు. నోరు తడిగానే ఉంది, గుండె గమ్మున ఉంది, కాబట్టి భయం కాదు. ముసలితనమా, నీళ్లా, ఈ చేను మళ్లా పచ్చబడుతుందని నేనే లోలోపల అనుకుంటున్నానా? ఎంతసేపు నిలబడినా తేలలేదు. చెప్పకూడదనుకున్నాను. చెప్పేసినాను.

"రాయి పెడదామా?" అన్నాడు.

"నాకు తెలీదు బావా. చెయ్యి ఏందో అంటాంది."

ఆయనే ఒక చిన్న రాయి తెచ్చి పెట్టినాడు. లారీని పిలుద్దామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. దాన్ని చూస్తూ మెల్లగా రొమ్ము కింద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈడ కూడా ఏందో జివ్వుమంటాంది బావా" అన్నాడు. "గ్యాసేమో."