మూడు రోజుల డెమో విద్యార్థి

చక్రపాణి అమీర్‌పేటలో వ్యాపార నీతి చెబుతాడు. తణుకు నుంచి వచ్చి, పంజాగుట్టలో ఒక మందుల కంపెనీ లీగల్ విభాగంలో పదహారేళ్లు పనిచేసి, అది మూతపడ్డాక ఈ కోచింగ్ సెంటర్ మెట్లెక్కాడు. కంపెనీ సెక్రటరీ పరీక్షకు చదివే పిల్లలు ఆయన క్లాసంటే చెవి కోసుకుంటారు. సెక్షన్లు బట్టీ పెట్టించడు. ఏదో ఒక కంపెనీ కథ చెప్పి, వాళ్లనే డైరెక్టర్లుగా కూర్చోబెట్టి, "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతాడు.

ఆ రోజు కథ ఒక తలనూనె కంపెనీది. ప్రకటనలో జడ చూపించిన అమ్మాయి ఆ నూనె ఎన్నడూ రాసుకోలేదు.

"ఆ సంగతి తెలిసిన ఉద్యోగి ఒకడున్నాడు. నోరు మెదపలేదు. వాడి తప్పుందా?"

"ఉన్నది సార్," అంది నవీన. సిద్దిపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. "మరి మన అనుదీప్ సంగతేంది?"

క్లాసు గొల్లుమంది. పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా ఈ సెంటర్ ఫ్లెక్సీల మీద అనుదీప్ నవ్వుతున్నాడు. 'మా విద్యార్థి. ఆలిండియా నాలుగో ర్యాంకు.'

"గాయన మా ఊరాయనే సార్. నిన్న ఫోన్ చేసిన. ఈడ మూడు దినాలు డెమో విని పోయిండంట. చదివింది వేరేకాడ. గా ఫ్లెక్సీ చూసే మా నాయిన నన్ను ఈడ చేర్పించిండు."

"అది సిలబస్‌లో లేదమ్మా," అన్నాడు చక్రపాణి.

జోకనుకుని పిల్లలు మళ్లీ నవ్వారు. ఆయన చెవులు వేడెక్కాయి.

అమీర్‌పేట సెంటర్లలో ఎవరైనా మూడు రోజులు ఊరికే కూర్చుని వినొచ్చు. నచ్చితే చేరతారు, లేదంటే పక్క బిల్డింగుకు పోతారు. డెమో చివరి రోజు అనుదీప్ అడిగిన ప్రశ్నకు ముచ్చటపడి చక్రపాణే అతనితో ఫోటో దిగాడు. ర్యాంకు వచ్చిందని తెలియగానే గొప్పకు పోయి దాన్ని డైరెక్టర్ రాఘవేందర్‌కు పంపాడు, మన క్లాసు విన్నవాడేనండీ అని. ఫ్లెక్సీ వేసేవాడు చక్రపాణిని కత్తిరించేశాడు. కుర్రాడి భుజం మీద రెండు వేళ్లు మాత్రం మిగిలాయి.

క్లాసయ్యాక రాఘవేందర్ గదికి వెళ్లాడు. "ఆ ఫ్లెక్సీలు తీయించెయ్యండి. పిల్లలు అడుగుతున్నారు."

"ఫికర్ చెయ్యకున్రి సార్. మూడు దినాలు కూసున్నోడు మనోడు కాడా?" రాఘవేందర్ ఫోన్లోంచి తలెత్తలేదు. "అయినా ఫోటో పంపింది మీరేనాయె. నేనేమన్న ఎత్తుకొచ్చిన్నా?"

చక్రపాణి వస్తానండీ అని లేచాడు.

మర్నాడు సాయంత్రం నవీన ఒక కాగితం తెచ్చింది. వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు.

"జర చూసియ్యున్రి సార్. తప్పులుంటే దిద్దున్రి. నాకు ఇంకెవల్ని అడగాల్నో తెల్వలే."

ఆయన ఎర్రపెన్ను తీశాడు. సెక్షన్ నంబరు సరిచేశాడు. రెండు పొడుగు వాక్యాలను విరిచాడు. తేదీలు వరసలో పెట్టించాడు. మూడో పేరాలో, 'విద్యార్థి కాని వ్యక్తి ఫోటోను యాజమాన్యమే సేకరించి వాడుకున్నది' అని ఉంది. పెన్ను ఆ వాక్యం మీద ఆగింది.

"ఫోటో ఎవలిచ్చిన్రో తెల్వది సార్. అందుకే అట్ల రాసిన. మీకేమన్న ఎరుకనా?"

ఎదురుగా కూర్చుని, తల వంచి, ఆయన గీసిన ఎర్రగీతల్ని శ్రద్ధగా చదువుకుంటోంది. ఒక్క మాట చెబితే చాలు. ఇరవై రెండేళ్ల పిల్ల తన పేరు కాగితం కింద రాసుకుంది. తండ్రి పేరు, హాస్టల్ చిరునామాతో సహా.

"విచారణలో తేలుతుందిలే," అన్నాడు. ఆ వాక్యాన్ని అలాగే వదిలేసి కాగితం తిరిగిచ్చాడు.

"మస్తు థ్యాంక్స్ సార్. మీరు గిట్ల లేకుంటే నేను రాయకపోదును."

ఆమె దిగిపోయాక ఆయన మెట్ల దాకా వెళ్లాడు. కింద ఎవరికో చెబుతోంది: "అరే, సారే కూసొని దిద్దిండే! భయమెందుకు?"

పిలవడానికి నోరు తెరిచాడు. ఆరు గంటల బ్యాచి పిల్లలు మెట్లెక్కి వస్తూ, "గుడీవినింగ్ సార్" అంటూ దారిమ్మన్నట్టు ఆగారు. ఆయన గోడవైపుకు జరిగి, వాళ్లందరూ లోపలికి వెళ్లేదాకా తల దించుకుని నిలబడ్డాడు.