కంపెనీకి కడుపు లేదు

మా ఎండుచేపల కంపెనీ సొమ్ము మా మామ తిన్నాడని మా ఊరు ఆర్యపల్లిలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. జవాబు చెప్పడానికి ఆయన లేడు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఒరిస్సా కొత్తగా వేరే రాష్ట్రమైన రోజుల్లో మావాళ్లు కొందరు వాటాలు వేసుకుని చిన్న కంపెనీ పెట్టారు. లెక్క చూసేది మామ. మిగులు సొమ్ము బరంపురం బ్యాంకులో వేశాడు. వడ్డీ వచ్చింది గాని, పంచేనాటికి అందులో కొంత లేదు.

"మిగతాదేటయింది బావా?" అన్నాడొక వాటాదారు, మామ కొత్త చెప్పులకేసి చూస్తూ.

"ఇన్‌కంటాక్సు పోయింది."

"టాక్సు కట్టేపాటి సంపాదన మనలో ఎవడికుంది? సెప్పులకి కట్టావేమో సూడు."

నవ్వారు. నవ్వుతూనే, వచ్చే సమావేశంలో మామను తీసేద్దామన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. ఆయన నా కళ్లలోకి చూడలేదు.

నాకు బడిచదువు తక్కువ. బరంపురం గ్రంథాలయమే నా బడి. పక్కన నిఘంటువు పెట్టుకుని టాక్సు చట్టం చదివాను. తక్కువ ఆదాయమున్న మనిషికి పన్ను లేదు. కంపెనీకి ఆ మినహాయింపు లేదు. ఎంత చిన్నదైనా, వడ్డీ మీద కూడా పూర్తి రేటున కట్టాల్సిందే. అయితే లాభంలో వాటా అందుకున్న బీదవాడు, కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం చూపి, తన వంతు పన్ను వెనక్కి అడగవచ్చు.

సమావేశంలో ఇదే చెప్పాను.

"పుస్తకంలో ఉందా, మీ మావ సెప్పమన్నాడా?" అన్నాడు చెప్పుల మాటెత్తినవాడు.

"వేట పంచినప్పుడు పడవకి వేరే వాటా తీస్తాం కదా. సర్కారు లెక్కలో కంపెనీ కూడా అలా వేరే మనిషి."

వాటాదారైన ఒక ముసలి అత్త అందుకుంది: "మనిషైతే మనకున్న మినహాయింపు దానికెందుకు లేదురా?"

"దానికి కడుపు లేదు కదత్తా." ఇది పుస్తకంలోది కాదు, నా మాటే.

"కడుపు లేనిది మా కడుపు కొట్టిందన్నమాట. నా డబ్బు తిరిగొస్తే అప్పుడు నమ్ముతాను. అందాకా మీ మావ కుర్చీలో కూకోకూడదు."

కంపెనీ ధ్రువపత్రం జతచేసి, ఆమె పేరున టాక్సు ఆఫీసుకి అర్జీ రాశాను. ఆమె వేలిముద్ర వేసే ముందు, అందులో తన పడవ రాసివ్వలేదు కదా అని మరొకరిచేత చదివించుకుంది. నెలలు గడిచాక డబ్బు వచ్చింది. కొంగున ముడేసుకుని అంది: "మీ మావని ఉండనీ. బ్యాంకుకి మాత్రం ఒంటరిగా ఎల్లనీకండి."

పోయేదాకా మామ ఎవరో ఒకరు వెంట లేకుండా బ్యాంకు మెట్లెక్కలేదు. చేపల కుప్పను ఒక్కడి చేత పంచనివ్వని ఊరు మాది.

ఆ పుస్తకం బయటికి ఇవ్వకూడనిదైనా ఇచ్చిన గ్రంథాలయాధికారికి, అర్జీ చదివిపెట్టిన ఒడియా మాస్టారికి, నమ్మకపోయినా వేలిముద్ర వేసిన అత్తకు నా కృతజ్ఞతలు. పేర్లు రాయను. ఊళ్లో అందరికీ తెలుసు.