కళ్లంలో పడిన దుబాయ్ మేడ

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు కిటికీ తెరిస్తే చాలు, మిర్చి లారీల ఘాటు తగిలి తుమ్ములు మొదలవుతాయి. బల్ల మీద ఏదో ఎత్తయిన భవనం ప్లాను పరిచి ఉంటుంది. తుమ్ముతూనే నవ్వుకుంటాను. మా సువార్తమ్మ టీచరు గుర్తొస్తారు. దర్శి పక్కన మా ఊరి హైస్కూల్లో ఆవిడ సాంఘికశాస్త్రం చెప్పేవారు. ఉద్యోగమేమో మిరప చేల నడుమ, ఒంటికేమో మిరప ఘాటు పడదు!

పదో తరగతిలో ఒకరోజు ఆసియా నగరాల్లోని మేడల ఎత్తులు చెప్పారు. నోళ్లు తెరుచుకుని విన్నాం గానీ నమ్మలేదు. మేం చూసిన ఎత్తల్లా చర్చి గోపురమూ, సెల్ టవరూ. "నిలబెట్టి చూపించలేను గానీ పడుకోబెట్టి చూపిస్తా, పదండి" అన్నారు టీచరు. బడి గేటు దగ్గర మొదలుపెట్టాం. టేపుతో కొలవడం నా పని, సున్నంతో గీత గీయడం మిగతావాళ్ల పని. తైపీ మేడ ఆటస్థలం దాటి రోడ్డెక్కింది. షాంఘై మేడ పత్తి చేలో ఆగింది. దుబాయ్ మేడ మాత్రం ఎక్కడా ఆగదే! కాళ్లకు బలపాలు కట్టుకున్నట్టు నడిచి నడిచి చివరికి మా కళ్లంలోనే తేలాం.

అక్కడ మా నాన్న మస్తాన్ మిరపకాయలు ఆరబోస్తున్నాడు. మంచి కాలేజీ అంటే గుంటూరే. ఆడపిల్లను అక్కడ హాస్టల్లో ఉంచడం ఇష్టం లేక, పదితో నా చదువు మాన్పించాలని ఆయన అప్పటికే తీర్మానించేశాడు. ఆ దిగులుతో నాకు అన్నం కూడా సయించేది కాదు.

"ఏందండీ టీచరమ్మా, సున్నం పడితే కాయ రంగు పోద్ది!" అని కేకేశాడు.

"సున్నం కాదు మస్తాన్ గారూ, దుబాయ్ మేడ కొస. కాస్త దారివ్వండి" అన్నారావిడ తుమ్ముతూ.

నాన్న నవ్వాపుకోలేక కాయలు పక్కకు లాగాడు. గీత పూర్తయ్యాక బడివైపు తిరిగి చూసి, "ఇంత పొడుగునా మనుషులుంటారా?" అన్నాడు.

"ఉంటారండీ. కట్టడానికి లెక్క తెలిసినవాళ్లు కావాలి. ఇదంతా కొలిచింది మీ షమీమే. గుంటూరు పంపండి."

"ఆడపిల్లని అంత దూరం ఎట్టా పంపేదండీ?"

టీచరు ఇంకేదో చెప్పబోయారు గానీ తుమ్ములు సాగనివ్వలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు అమ్మ ఆ ఖాళీలో మళ్లీ కాయలు పోయబోయింది. కళ్లంలో చోటు చాలని రోజులవి. "గీత మీద పొయ్యమాకే, మన పిల్ల కొలిచింది" అన్నాడు నాన్న. కాయలు బస్తాలకెక్కేదాకా ఆ తెల్లగీత అలాగే ఉంది. వేసవి అయ్యాక నా పెట్టె మోసుకుంటూ వచ్చి గుంటూరు బస్సెక్కించింది ఆయనే.

టీచరు ఇప్పుడు లేరు. ఆవిడంటే నాకు ప్రాణం. ఎంత ఎత్తు మేడ ప్లాను వచ్చినా, ముందు మనసులో దాన్ని మా బడి గేటు దగ్గర పడుకోబెడతాను. కొస ఎవరి కళ్లందాకా పోతుందో, అక్కడ ఎవరు కాయలు పక్కకు లాగి దారిస్తారో చూసుకుని గానీ పెన్సిలు పట్టను.