ఎనిమిదో తోవ

ఆ రోజు తప్పు చేసింది నేను. చెయ్యి జారి జరిగిన తప్పు కాదు. వద్దని చెప్పిన పనిని కావాలనే చేశాను. చేశాక ఆ తప్పును నాకు పని నేర్పిన మనిషి మీదికి నెట్టాను. మొదటిది పనిలో తప్పు, దానికి మందు ఉండేది. రెండోదానికి లేదు.

గోదావరిఖనిలో లారీ ఆఫీసుల వరుస చివర మాదొక రేకుల షెడ్డు. షాపు నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది. బోర్డు మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు, 'హెడ్డు పని చేయబడును' అని మాత్రం ఉండేది. జీపులవాళ్లు, ట్రాక్టర్లవాళ్లు ఇంజన్ పైభాగాన్ని, అంటే సిలిండర్ హెడ్డును, విప్పి మా దగ్గరికి తెచ్చేవారు. ఇంజన్ గాలి పీల్చేదీ, పొగ వదిలేదీ ఆ హెడ్డులోని సొరంగాల గుండానే. పోత పోసినప్పుడు వాటి లోపల గరుకులు, మెట్లు మిగిలిపోతాయి. గాలి వాటికి తగిలి సుడి తిరుగుతుంది. పెన్సిల్ గ్రైండర్‌తో లోపలి గోడను అరగదీసి, వంపులు సరిచేసి, వాల్వులు కూర్చునే సీట్లు కోసి ఇస్తే అదే బండి అదే డీజిల్‌తో ఎత్తు మీద ఇంకో నలుగురిని లాగుతుంది. బొగ్గుబాయిలో గాలి లోపలికి పోయే తోవ వేరు, బయటికి వచ్చే తోవ వేరు. అందుకని మా దగ్గర ఈ పని ఎవరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చేది కాదు. "ఉస్తాద్, గాలి తోవలు జర సాఫు చెయ్యి" అనేవారు డ్రైవర్లు, అంతే.

ఉస్తాద్‌కు అప్పటికి అరవై దగ్గర పడ్డాయి. నాకు ముప్పై దాటింది. నాన్న బాయి ఉద్యోగం నాకొస్తుందని చాలా ఏళ్లు ఎదురుచూసి, రాదని తెలిశాక ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. ఆయన నన్ను బేటా అనేవాడు, నేను చాచా అనేవాణ్ణి.

ఆయన పని చేసేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. గ్రైండర్ ఆపి, చూపుడువేలు తోవలోకి పెట్టి, మెల్లగా తిప్పేవాడు. "కండ్లు అబద్ధం జెప్తయ్ బేటా, మెరిసేదంత నున్నగున్నట్టే కనవడ్తది" అనేవాడు. తోవ ఒక కొసకు పాత బ్లోయర్ తగిలించి గాలి గుంజుతూ, రెండో కొస దగ్గర ఊదుబత్తి పట్టుకునేవాడు. పొగ దారంలా లోపలికి పోతే పని అయినట్టు, మెలిక తిరిగితే కానట్టు. ఆఖరున నీళ్ల పరీక్ష. హెడ్డులో గాలి తోవల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ ఉంటుంది, రెంటికీ నడుమ ఒక్క ఇనుప గోడ. ఆ ఖాళీలో మసిలే నీళ్లు నింపి, రబ్బరు పెట్టి బిగించి, ఒక సైరన్ నుంచి ఇంకో సైరన్ దాకా, అంటే ఎనిమిది గంటలు, వదిలేయాలి. షెడ్డులో గోడ గడియారం లేదు, బాయి షిఫ్టు సైరనే మా గడియారం. అంతసేపటికీ ఏ తోవలోనూ చెమ్మ కనిపించకపోతేనే హెడ్డు బయటికి పోవాలి.

రాష్ట్రం రావడానికి అయిదేళ్ల ముందనుకుంటాను, ఒక జీపు హెడ్డు వచ్చింది. ఆ డ్రైవరు పల్లెల నుంచి ఫస్టు షిఫ్టు కార్మికులను బాయి దాకా దించేవాడు. ఒక్కడి సంపాదన మీద ఇల్లంతా నడిచేది. ఎనిమిది తోవల్లో ఉస్తాద్ ఏడు పూర్తి చేశాడు. అప్పుడు ఆయన పక్కింటివాళ్లు వచ్చి, ఆయన భార్య చాచీకి దమ్ము ఆడటం లేదని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పారు. ఆయన గ్రైండర్ కింద పెట్టి, చెప్పులు వెతుక్కుంటూనే నాతో అన్నాడు:

"ఎనిమిదోదాంట్ల గ్రైండర్ పెట్టకు. ఆడ గోడ పల్చగుంది, పోతలనే ఫరక్ వచ్చింది. ఎమరీ కాయితంతోని తుడువు, సాలు. బిగియ్యకు. నేనొచ్చి చూస్త."

మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. ఉస్తాద్ వచ్చాకే బిగిస్తామని చెప్పాను.

"రేపు ఫస్టు షిఫ్టుకు నేను బండి పెట్టకపోతే ఇంకోడు పెడ్తడు తమ్మి. పోయిన ట్రిప్పు మల్లొస్తదా?"

"చాచా చూడకుంట బిగించుడు కాదన్నా."

"ఇన్నేండ్లాయె, ఇంక ఆయన ఏలు పట్టుకోనే నడుస్తవా? నీ చేతుల పని లేదంటే చెప్పు, మంచిర్యాల తీస్కపోత."

ఆ మాట నాకు తగిలింది. డ్రైవరు తొందర ఒక వంక మాత్రమే. అసలు సంగతి ఏమిటంటే, ఆ ఏడు తోవలూ చూసినకొద్దీ ఎనిమిదోది నా చేత్తో వాటికంటే బాగా రావాలని నాకు పొద్దుటి నుంచీ ఉంది. డ్రైవరు చాయ్‌కు పోగానే గ్రైండర్ పెట్టాను. వంపు దగ్గర ఇంకొంచెం, ఇంకొంచెం తీశాను. ఊదుబత్తి పట్టుకుంటే పొగ గీత గీసినట్టు లోపలికి పోయింది. అంత సంతోషం నాకు ఆ షెడ్డులో ఎప్పుడూ కలగలేదు.

నీళ్లు నింపేసరికి రెండు దాటి ఉంటుంది. కాసేపటికే సెకండ్ షిఫ్టు సైరన్ మోగింది. సైరన్ మోగింది కదా అనుకున్నాను. ఒక సైరన్ నుంచి ఇంకో సైరన్ దాకా అన్న సంగతి నాకు తెలియక కాదు. వేలు పెట్టి చూస్తే పొడిగానే ఉంది. నీళ్లు వంచేసి, సాయంత్రానికి ఇంజన్ మీద హెడ్డు బిగించి ఇచ్చాను. "గిదీ పని అంటే!" అని డ్రైవరు నా భుజం చరిచాడు.

మర్నాడు ఆ జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. ఓపెన్ కాస్టు మట్టిగుట్ట పక్క ఎత్తు ఎక్కుతుంటే తెల్లటి పొగ లేచి, పెద్ద చప్పుడుతో ఇంజన్ పట్టేసిందట. బండిలోని వాళ్లు దిగి నడిచారట. బాయి చేరేసరికి మస్టర్ మూసేశారు. హాజరు పడకుండానే అందరూ ఇళ్లకు తిరిగొచ్చారు. ఆ వారంలోనే ఆ ట్రిప్పు ఇంకో జీపుకు పోయింది.

ఉస్తాద్ ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. హెడ్డు నేనే విప్పాను. ఎనిమిదో తోవ వంపులో వెంట్రుకంత చీలిక. వేడికి పల్చటి గోడ విచ్చుకుని, నీళ్లు గాలి తోవలోంచి సిలిండర్‌లోకి దిగాయి. లోపలి రాడ్డు వంగిపోయింది. హెడ్డును గోనెసంచిలో చుట్టి ఇంటికి తీసుకుపోయి స్నానాలగది వెనక పెట్టాను. తుక్కు కొట్టుకు వేయలేదు, అక్కడ ఎవరైనా చూస్తారని భయం. ఉస్తాద్ వేలు దాన్ని తాకితే ఆ పని ఎవరిదో తెలిసిపోతుందని అంతకన్నా ఎక్కువ భయం.

నాలుగు రోజులకు ఆయన వచ్చాడు. గడ్డం మాసి, నిద్ర లేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి. డ్రైవరు షెడ్డు ముందే కూర్చుని ఉన్నాడు.

"నిన్ను నమ్మి ఇస్తి ఉస్తాద్. నా బతుకు రోడ్డు మీద వడేస్తివి."

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "ఎనిమిదోదాంట్ల గ్రైండర్ పెట్టొద్దన్న కద బేటా?"

అప్పుడు నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిస్తే సరిపోయేది. తెరిచాను కూడా.

"పొద్దుగాల మీరే పెట్టిండ్రు కద చాచా, యాదికి లేదా? చాచీ సంగతి తెలిసి ఆగమాగం పోయిండ్రు. నేను ఉత్తగ బిగించిన."

ఆయన నేల వైపు చూశాడు. గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నిస్తున్నాడో ముఖంలో కనిపిస్తూనే ఉంది. పెదాలు కదిలాయి, ఒకటి, రెండు అని తోవలు లెక్కపెట్టుకుంటున్నట్టు.

"పెట్టిన్నేమో," అన్నాడు చివరికి. తర్వాత మెల్లగా, "హెడ్డేది?"

"తుక్కోడు తీస్కపోయిండు."

ఆయన కుడిచెయ్యి ఎత్తి వేళ్ల వైపు చూసుకున్నాడు. అవి తనవేనా అన్నట్టు. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

డ్రైవరుకు రాడ్డు మార్పించి, పాత హెడ్డు ఒకటి తెచ్చి వేయించింది ఉస్తాదే, తన చేతి డబ్బుతో. మర్నాటి నుంచి గ్రైండర్ ముట్టలేదు. వారం రోజులు షెడ్డులో కూర్చుని నా పని చూశాడు. తర్వాత తాళాలు నా ముందు పెట్టి, "ఇంకెవరి బతుకన్న ఖరాబు చేస్త బేటా. నువ్వు నడుపు" అని వెళ్లిపోయాడు. జీపుల అడ్డా మీద డ్రైవర్లు నా ముందే అనుకునేవారు. "ముసలాయన చెయ్యి పోయింది. ఇప్పుడు తమ్మిదే చెయ్యి." నేను టీ తాగుతూ వినేవాణ్ణి, అంతే.

నెలకు రెండుసార్లు ఆయన ఇంటికి పోయేవాణ్ణి. పండ్లు తీసుకుపోయేవాణ్ణి. ఆ పండ్లతో ఏదో తీరుతుందని నాకు నేను చెప్పుకున్నాను. చాచీ కోలుకుంది కానీ ఆయన తగ్గిపోయాడు. గోడకు మేకు కొట్టమంటే వద్దనేవాడు. గడ్డం తానే గీసుకోవడం మానేశాడు.

రాష్ట్రం వచ్చిన రోజుల్లో, ఊరంతా గులాల్ చల్లుకుంటుంటే, మిఠాయి డబ్బా పట్టుకుని పోయాను. చాచీ చాయ్ కెటిల్ తెచ్చి పెట్టింది. ఉస్తాద్ కప్పులు నా వైపు జరిపాడు.

"నువ్వే పొయ్యి బేటా. నా చేతి మీద నాకు భరోసా లేదు."

"మూడు బజార్లు దాటి ఇంజన్ సప్పుడు విని బీమారి చెప్పేటోడు," అంది చాచీ నవ్వబోయి, "ఇప్పుడు చాయ్ పొయ్యనీకి భయపడ్తడు."

నేను చాయ్ పోయలేదు. లేచి ఇంటికి పోయి, స్నానాలగది వెనక నుంచి గోనెసంచి తీసి, సైకిల్ వెనక కట్టుకుని తిరిగి వచ్చాను. తుప్పు పట్టిన హెడ్డును ఆయన ముందు చాప మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గ్రైండర్ పెట్టింది, రెండో సైరన్ దాకా ఆగకుండా నీళ్లు వంచేసింది, ఆయన జ్ఞాపకాన్నే అబద్ధం చేసింది, అన్నీ.

ఆయన హెడ్డును దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు మూసుకుని వేలు మొదటి తోవలో పెట్టాడు.

"ఇది నాదే."

రెండోది. మూడోది. తుప్పు గీరుకుని వేలు ఎర్రబడుతోంది. ఏడోదాకా "ఇది నాదే" అంటూ పోయాడు. ఎనిమిదోదానిలో వంపు దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు. కళ్లు తెరవకుండానే ఏడ్చాడు.

చాచీ లేచి నిలబడింది. "ఇన్నొద్దులు నా చేతి చాయ్ తాగుకుంట ఈ మాట కడుపుల పెట్టుకున్నవారా? నేను దవాఖానల పడ్డందుకే ఆయనకు మతి తప్పిందని నన్ను నేను తిట్టుకున్న. పో, నా కండ్ల ముందర ఉండకు."

ఉస్తాద్ ఆమెను ఆపలేదు. నేను గడప దగ్గరికి పోయాక అన్నాడు, "హెడ్డు ఈడనే ఉండనీ." మళ్లీ తనే, "గప్పుడే చెప్తే రెండు దెబ్బలు గొట్టి మల్ల గ్రైండర్ పడ్తుంటి. ఇప్పుడు నిజంగనే చేతులు వణుకుతున్నయి బేటా."

చెయ్యి చాపి చూపించాడు.

మర్నాడు పొద్దున్నే జీపుల అడ్డాకు పోయాను. ఆ డ్రైవరు అప్పటికి సొంత జీపు అమ్మేసుకుని వేరేవాళ్ల బండి తోలుతున్నాడు. అందరి ముందూ చెప్పాను. డ్రైవరు నా కాలర్ పట్టుకున్నాడు, తర్వాత తానే వదిలేశాడు.

"ఆ ముసలాయనను నేను ఎన్ని మాటలంటి," అన్నాడు. "నిన్ను కొడితే ఆ మాటలు వాపసొస్తయా?"

అదే రోజు అతను ఉస్తాద్ ఇంటికి పోయాడని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. షాపు తాళాలు తిరిగి ఇవ్వబోతే ఉస్తాద్ తీసుకోలేదు. నేనే ఒకటి అడిగాను, ఇక నుంచి ఏ హెడ్డూ ఆయన వేలు చూడకుండా బయటికి పోకూడదని. చాచీ ముఖం తిప్పుకుంది. నాలుగో రోజు ఆయన హెడ్డు తెమ్మని కబురు పంపాడు.

మొదటి హెడ్డు ఒక ట్రాక్టరుది. సైకిల్ మీద కట్టుకుని పోయి, గడప బయటే నిలబడ్డాను. చాచీ తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. ఉస్తాదే బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, వేలు ఒక్కో తోవలో పెట్టి తిప్పాడు. చాలాసేపు పట్టింది.

"మూడోదాంట్ల ఇంకా మెట్టుంది. తీసి, నీళ్లు నింపు."

షెడ్డుకు తిరిగొచ్చి ఆ మెట్టు తీశాను. మసిలే నీళ్లు సిద్ధంగా పెట్టుకుని, సెకండ్ షిఫ్టు సైరన్ మోగాక నింపాను. ట్రాక్టరు రైతు వచ్చి ఎప్పుడిస్తావని అడిగాడు. ఈ రోజు కాదన్నాను. స్టూలు లాక్కుని హెడ్డు పక్కన కూర్చున్నాను, రెండో సైరన్ కోసం.