కాగితం తెగిన చోట

మొన్న మంచిర్యాలలో మా కుటుంబ వివరాలు ప్రింటు తీయిస్తే నా పేరు మొదటి కాగితం అడుగున, మా ఆయన పేరు రెండో కాగితం నెత్తిన వచ్చాయి. దుకాణం అమ్మాయి రెంటికీ పిన్ను కొట్టి నవ్వుతూ చేతిలో పెట్టింది గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు.

గోదావరిఖనిలో గని ఆఫీసులకు కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. చెప్పులు బయట విడిచి, చర్చిలోకి వెళ్ళినట్టు ఆ చల్లటి గదిలోకి వెళ్ళేవాళ్ళం. కార్మికుల కుటుంబాల జాబితా తీయడం నా పని. గని పేరు, దాని కింద కార్మికుడు, అతని కింద భార్యాపిల్లలు, అందరికంటే చివర తల్లిదండ్రులు. కంపెనీ దవాఖానలో ఆ జాబితా చూసే వైద్యం చేసేవారు. పేజీ ఎక్కడ నిండితే అక్కడ తెగనిచ్చేదాన్ని, పేర్లన్నీ వచ్చాయి కదా, ఇంకేం కావాలని నా ధీమా.

ఒక మధ్యాహ్నం ఒక అవ్వ మా గది గడప దగ్గర నిలబడింది. రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. కొడుకు మొదటి షిఫ్టులో గని లోపల ఉన్నాడట, ఆపరేషనుకని ఒక్కతే దవాఖానకు పోతే జాబితాలో లేవని తిప్పి పంపారట.

"వాని పేరు కింద నేను లేనంటున్నరు బిడ్డా. మరి నేను వాని తల్లిని కానా?" అంది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది.

జాబితా తెరిచి చూస్తే కొడుకూ కోడలూ పిల్లలూ ఒక పేజీ చివర ఉన్నారు, అవ్వ పేరొక్కటే తర్వాతి పేజీ మొదట, ఎవరి తల్లో తెలియకుండా పడి ఉంది. తప్పు దవాఖాన గుమాస్తాది కాదు, నాదే. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి చీటీ రాసిచ్చి పంపి, ఆ వారమంతా కూర్చుని, ఒక ఇంటివాళ్ళు పేజీలో పట్టకపోతే ఆ ఇంటిని మొత్తంగా తర్వాతి పేజీకి జరిపేలా ప్రోగ్రాం మార్చాను. ఒక పేజీకి మించిన సంసారమైతే రెండో పేజీ మీద కార్మికుడి పేరు మళ్ళీ పడేలా చేశాను. పేజీల అడుగున ఖాళీ చూసి కాగితం దండగని మా పెద్దసారు కసిరితే, ఉద్యోగమంతటిలో ఆ ఒక్కసారే ఎదురు చెప్పాను: "కాగితం పోతే పోనియ్యుండ్రి సార్, ఇంటోళ్ళను మాత్రం విడగొట్ట."

ఆపరేషనయ్యాక అవ్వ నల్లద్దాలతో మళ్ళీ వచ్చింది. చదువు రాదు, అయినా కొత్త జాబితాలో కొడుకు పేరేదో, తన పేరేదో చూపించమంది. చూపిస్తే అద్దాలు పైకెత్తి, "ఒక్క కాగితం మీదనే ఉన్నమా?" అని రెండుసార్లు అడిగి మరీ వెళ్ళింది.

ఇప్పుడు ఎవరి కార్డు వారిది, ఎవరి నంబరు వారిది. మంచిదే, ఏ అవ్వనూ కొడుకు పేరు కింద లేవని ఎవరూ వెనక్కి పంపరు. కానీ వరుసలో నిలబడి ఆ నంబరు చెప్పి, మందులు తీసుకుని మౌనంగా వెళ్ళిపోయే ముసలివాళ్ళను చూసినప్పుడల్లా, నువ్వెవరి తల్లివని అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయారే అని దిగులేస్తుంది.