కొమోరి పూలు

అల్ ఖోర్‌లో ఉంటున్న మా అక్క దగ్గరకు వెళ్ళినప్పుడు, ఒక రోజు దోహాలో అత్తరు కొందామని బయలుదేరాను. అక్కావాళ్ళకు తెలిసిన డ్రైవర్ మల్లేశం తోడు వచ్చాడు, జగిత్యాల మనిషి. దుకాణంలో నేనొక సీసా వాసన చూస్తుంటే, తలుపు దగ్గరి గార్డు నవ్వుతూ అరబీలో ఏదో అన్నాడు.

"అది వాళ్ళ దేశం పువ్వంట అక్కా. కొమొరోస్ అని, సముద్రంల చిన్న దీవులంట. వాళ్ళమ్మ తెల్లారంగనే పూలు తెంపవోతదంట," అన్నాడు మల్లేశం.

"మరి అత్తరు అక్కడే చెయ్యరా?"

మల్లేశం గార్డును అడిగి చెప్పాడు. "నూనె తీసుడు వరకే వాళ్ళ పనంట. ధర గూడ కొనెటోళ్ళే చెప్తరంట. గిసొంటి సీసా వాళ్ళమ్మ ఎన్నడూ సూడలేదంట."

నాకు ఒళ్ళు మండింది. ఈ పూలు ఎక్కడివని సేల్స్‌మన్‌ను అడిగాను.

"ఫ్రాన్స్, మేడమ్."

"కాదు, కొమొరోస్."

అతను నవ్వాడు. "అదొక దేశమా?"

గార్డు తల దించుకున్నాడు. ఆ మనిషి ఎదుటే అంత మాట! సీసా బల్ల మీద పెట్టేసి, "ఆయన్నే అడగండి, వాళ్ళమ్మ కోసిన పూలివి" అని గట్టిగా చెప్పి బయటికి నడిచాను.

గార్డు తలుపు తీసి పట్టుకుని, తన దేశం పేరు తమ పలుకులో నెమ్మదిగా చెప్పాడు. "కొమోరి." నాకు సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అనిపించాడు.